జొన్న రొట్టె: ఇంటిలో చేసికొను విధము
(పర్ణశాలలో రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



పొలము సంగతి చెప్పవలసిన నేను పొయ్యి సంగతి ఎత్తుకొనుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఇంట తినని పంటను చేనిలో ఎంతకాలము వేసెదము? బియ్యము చవకగా ఇంటికి వచ్చిన తరువాత రొట్టె తట్టు చేతులు తగ్గినవి, జొన్న చేలును తగ్గినవి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించినది. వంద గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, అంతే పీచు కలవు. బియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపే.

బజారు రొట్టెను ఈస్టుతో పొంగింతురు. గోధుమలోని గ్లూటెన్ అను జిగురు ఆ గాలిని పట్టి ఉంచును. జొన్నలో ఆ జిగురు లేదు గనుక ఈస్టుతో పని లేదు. మరిగిన నీరు తగిలిన జొన్నపిండి ఉబ్బి తానే అతుక్కొనును. నేను మొదట చన్నీళ్లతో కలిపితిని. రొట్టె పెనము చేరక మునుపే ముక్కలైనది.

రెండు గ్లాసుల పిండికి సుమారు గ్లాసున్నర నీటిని, చిటికెడు ఉప్పు వేసి తెర్లనీయవలెను. పిండిలో కొద్దికొద్దిగా పోసి గరిటెతో కలిపి, చేయి తాళు వేడి కాగానే అరచేతితో బాగుగా మెదపవలెను. పొడిపిండి చల్లి, ఉండను గుండ్రముగా తట్టి, కాగిన పెనముపై వేసి, పైన తడిచేతితో నీరు రాయవలెను. లేనిచో పైభాగము ఎండి పగులును. తడి ఆరగానే తిరగవేసి, చివరకు నిప్పుల సెగ చూపినచో లోపలి ఆవిరికి రొట్టె పొంగును.

పిండి నిలువయున్నచో అందలి నూనె చెడి చేదెక్కును. వారమునకు సరిపడునంతే ఆడించుడు. కోతవేళ వానలో తడిసి గింజబూజు పట్టిన జొన్నను పిండికి వాడరాదు. బూజులో విషపదార్థములు ఉండవచ్చును. మంచి గింజను పంటి కింద పటుక్కున విరుగువరకు ఎండబెట్టి దాచుడు.

యాసంగి జొన్న వానలు వెళ్లిన పిదప పండును గనుక ఈ బూజు బెడద తక్కువ. తిండికైనను పది గుంటలు వేయుడు. తట్టుట తెలిసిన పెద్దమ్మలు మీ ఊరిలో ఇంకను ఉన్నారు. వారి వద్ద మీ పిల్లలను, ఆడ మగ భేదము లేక, కూర్చుండబెట్టుడు.