సర్కారు సంతకము – వర్తకుని నమ్మకము

(సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)

 

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగువారికి ఒప్పందమను మాట క్రొత్తది కాదు. కుర్చీలు కొనవలెనన్నను, గోడలకు సున్నము వేయించవలెనన్నను, వంతెన కట్టించవలెనన్నను టెండరు పిలుచుట, బేరమాడుట, అంగీకరించుట, సంతకము చేయుట తప్పదు. అయినను ఈ నాలుగు మెట్లలో ఏ మెట్టున ప్రభుత్వము నిజముగా కట్టుబడునో ఎరిగినవారు కొందరే. ఆ ఎరుక లేకపోవుటచే ఒకప్పుడు వర్తకుడు చెడును. మరియొకప్పుడు ప్రజాధనము చెడును.

ఇద్దరు వ్యక్తుల నడుమ సాధారణముగా నోటిమాటయు ఒప్పందమే. ఒకరు ప్రతిపాదించి, వేరొకరు అంగీకరించి, ఉభయులును స్వేచ్ఛగా సమ్మతించి, న్యాయమైన ప్రతిఫలమున్నచో 1872 నాటి కంట్రాక్టు చట్టము దానిని మన్నించును. ప్రభుత్వమునకు ఈ సౌలభ్యము లేదు. రాజ్యాంగము 299వ అధికరణము ప్రకారము ప్రభుత్వ ఒప్పందము రాష్ట్రపతి పేరనో, గవర్నరు పేరనో ఉండవలెను. అందుకు అధికారము పొందిన ఉద్యోగియే, నిర్ణయించిన రీతిని, సంతకము చేయవలెను. అంతకు పూర్వము 1935 నాటి భారత ప్రభుత్వ చట్టమునందును ఇట్టి నిబంధనయే కలదు. దారినపోవు ప్రతి ఉద్యోగి మాటకును ఖజానా తలుపులు తెరువరాదని దీని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే, కాని దాని పదును ఎవరికి తగిలినదో చూడవలెను.

1943వ సంవత్సరమున వంగదేశము కరవుతో అల్లాడుచుండెను. రైల్వే ఉద్యోగులకు తిండిగింజలు సమకూర్చుటకై దానాపూరులోని ఈస్టిండియన్ రైల్వే డివిజనల్ సూపరింటెండెంటు కార్యాలయమువారు ఒక వర్తకునకు కొనుగోలు ఆర్డర్లు ఇచ్చిరి. వర్తకుడు సరకు పంపెను. కొంత తీసికొని, మిగిలినదానిని రైల్వేవారు నిరాకరించిరి. నష్టపరిహారమునకై నడచిన ఆ భిక్‌రాజ్ జైపురియా వ్యాజ్యము 1961లో సుప్రీంకోర్టున ముగిసినది. ఆర్డరిచ్చుటకు అధికారికి అధికారము కలదని ఒప్పుకొనియు, ఆ పత్రములు గవర్నరు జనరలు పేర లేవు కావున ఒప్పందము చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. పదునెనిమిదేండ్ల నిరీక్షణకు దక్కిన ఫలమిది!

అదే సంవత్సరము డిసెంబరులో వచ్చిన మరియొక తీర్పు వేరుదారి పట్టినది. 1944లో వంగదేశపు ఆరాంబాగ్ ప్రాంతమున పౌర సరఫరాల శాఖ కొరకు, అధికారులు కోరగా, ఒక కంట్రాక్టరు కార్యాలయపు గది, వంటయిల్లు, గుమాస్తాల గది, గిడ్డంగులు మొదలైనవి కట్టెను. బిల్లు సుమారు 19 వేల రూపాయలు. సక్రమమైన ఒప్పందపత్రము లేదు కనుక చెల్లింపనక్కరలేదని ప్రభుత్వము వాదించెను. ఒప్పందము చెల్లదన్న మాట నిజమే. కాని ఉచితముగా చేయు తలంపు లేక ఒకడు న్యాయముగా చేసిన పనివలన మరియొకడు లాభము పొందినచో ప్రతిఫలమీయక తప్పదని కంట్రాక్టు చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. ఆ గదులలో కూర్చుండి పనిచేసి, ఆ గిడ్డంగులలో ధాన్యము నింపుకొని, కట్టినవానికి కాసు ఈయమనుట చెల్లదని సుప్రీంకోర్టు తేల్చెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన మర్మము బోధపడును. తీసికొన్నదానికి వెల దక్కును. తీసికొనని సరకునకు, రావలసిన లాభమునకు, చెల్లని ఒప్పందము ఆధారము కాజాలదు.

అట్లని ప్రతిదానికిని ముద్రవేసిన దస్తావేజు అవసరమని కాదు. యుద్ధానంతరము మిగిలిన అమెరికా సిగరెట్ల అమ్మకమునుగూర్చిన రల్లియారామ్ వ్యాజ్యమున 1963లో సుప్రీంకోర్టు ఒక మేలైన సూత్రము చెప్పినది. టెండరును, అధికారముగల ఉద్యోగి వ్రాసిన అంగీకారలేఖయు సక్రమముగా ఉన్నచో ఆ ఉత్తరములే ఒప్పందమగును. కావున కొరత కాగితమునది కాదు, శ్రద్ధది.

ఇక తగవు వచ్చిన పిమ్మట తీర్చుకొను మార్గములు. మధ్యవర్తుల తీర్పునకు 1940లో ఒక చట్టము, దాని స్థానమున 1996లో మరియొకటి వచ్చినవి. పూర్వము శాఖాధికారియే ఆ శాఖ తగవునకు మధ్యవర్తిగా కూర్చుండుట పరిపాటి. 2015 సవరణ దానికి అడ్డుకట్ట వేసినది. ప్రభుత్వ రంగ సంస్థ తానొక్కతే ఏకైక మధ్యవర్తిని నియమించుట సమానత్వమునకు విరుద్ధమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించెను. అదే యేడు జూనులో ఆర్థిక మంత్రిత్వశాఖ, ప్రతి కొనుగోలు ఒప్పందమునందును మధ్యవర్తి నిబంధనను యాంత్రికముగా చేర్చవద్దనియు, సామాన్యముగా 10 కోట్ల రూపాయలలోపు తగవులకే దానిని పరిమితము చేయవలెననియు సూచించినది. ఇరుపక్షములను కూర్చుండబెట్టి రాజీ కుదుర్చు పద్ధతికి 2023లో ప్రత్యేక చట్టము వచ్చినది. 3 లక్షల రూపాయలు మొదలుకొని పైబడిన వాణిజ్య వ్యాజ్యములలో, తక్షణ ఉత్తరువు కోరనిచో, ముందు రాజీకి ప్రయత్నింపక కోర్టుకు పోరాదు.

అయినను రాజీ కుదుర్చువానికైనను, తీర్పు చెప్పువానికైనను ఆధారము ఫైలే. బేరమాడునప్పుడే సరకు నాణ్యము, తనిఖీ చేయువారు, గడువు, గడువు తప్పినచో ఫలితము, చెల్లింపు తేది స్పష్టముగా వ్రాసికొనవలెను. సంప్రదింపులలో మారిన ప్రతి షరతును ఆ దినముననే ఉత్తరముద్వారా ధ్రువపరుపవలెను. “పని మొదలుపెట్టుడు, కాగితము వెనుక వచ్చును” అని టెలిఫోనులో చెప్పుట దయగా తోచవచ్చును. అది దయ కాదు. ఎదుటివాని యిల్లు తాకట్టు పెట్టించుట. పెద్ద సంస్థకు న్యాయవాదులుందురు, నిలువ ధనముండును. అప్పుచేసి ఇటుకలు తోలించిన చిన్న కంట్రాక్టరునకు పదునెనిమిదేండ్లు నిరీక్షించు శక్తి ఎక్కడిది?

ప్రభుత్వ ఒప్పందముపై సంతకము చేసిన ఉద్యోగి దానికి స్వయముగా బాధ్యుడు కాడని 299వ అధికరణమే అభయమిచ్చుచున్నది. ఆ అభయము నిర్లక్ష్యమునకు అనుమతిగా భావింపరాదు. సామాన్యుడు ప్రభుత్వమును చూచునది దాని ఉద్యోగి ముఖముననే. ఆ ఉద్యోగి మాట నీటిమూట కాకుండుటయే సర్కారు పరువు.