చర్మమును చూపు చిన్న సూక్ష్మదర్శిని



కృష్ణా డెల్టాలో ఊడ్పుల కాలమున బురదలో నిలిచి పనిచేయువారికి వ్రేళ్ల సందులు నాని పుండ్లుపడుట, నడుమున తామర, చేతుల గజ్జి క్రొత్త కావు. దురద యొక్కటియే, కారణములు వేరు. తామరకు బూజు, గజ్జికి పురుగు మూలము. తెలియక స్టెరాయిడు కలిసిన లేపనము పూసినచో తామర నాలుగు దినములణగి, పిమ్మట వీపెల్ల ప్రాకును. గజ్జియో, ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి మందు పూసికొననిదే వదలదు.

సుశ్రుతుడు 7 మహాకుష్ఠములను, 11 క్షుద్రకుష్ఠములను చెప్పి, స్పర్శలేమిని సయితము గుర్తించెను. ఆయనకు కన్నును చేయియే సాధనములు. సూక్ష్మదర్శిని కూడ ఆనాడే యుండెనని కొంద రందురు. గ్రంథమున లేని గొప్పను ఋషులకు అంటగట్టుట వారికి గౌరవము కాదు. గజ్జి పురుగును సూక్ష్మదర్శినితో చూచి 1687లో ప్రకటించినవాడు ఇటలీ దేశీయుడగు బోనోమో.

మీరట్‌లో పుట్టి అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మను ప్రకాశ్, సహచరులతో కూడి 2014లో ఫోల్డ్‌స్కోప్ అను కాగితపు సూక్ష్మదర్శినిని లోకమునకు తెలిపెను. దాని విడిభాగముల ఖరీదు ఒక డాలరునకు లోపే. మడచిన దళసరి కాగితము, నడుమ గాజుపూస, అంతే. పూస యెంత చిన్నదైన అంత పెద్దదిగా చూపును. 2.4 మిల్లీమీటర్ల పూస సుమారు 140 రెట్లు చూపును. మిల్లీమీటరులో మూడవ వంతుండు గజ్జి పురుగు దానియందు దాదాపు రెండంగుళములుగా కానవచ్చును.

అయితే దానిని చేతికానించి చూచిన ప్రయోజనము లేదు. వెలుతురు వస్తువు గుండా రావలెను, చర్మము గుండా రాదు. కావున గజ్జి తొలిచిన సన్నని గీతను వైద్యుడు గీరి, నూనె చుక్కతో గాజుపలకపై నుంచి చూడవలెను. చర్మమును ఉన్నచోటనే చూచుటకు డెర్మటోస్కోపు వేరు. అది పెద్దది చేయుట పది రెట్లే. కాలువ నీటిపై ఎండ తళుకు చేపను దాచునట్లు చర్మపు తళుకు లోపలి రంగులను దాచును. నూనె చుక్కగాని ధ్రువణ ఫలకముగాని ఆ తళుకును తొలగించును.

కుష్ఠు సూక్ష్మజీవి కాగితపు యంత్రమునకు అందదు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనిన ఆ జీవికి రంగు వేసి, వెయ్యింతలు పెద్దది చేయు కటకము క్రింద చూడవలెను. పూసలో ఏమియు కనబడలేదని ధైర్యపడి ఇంట కూర్చుండరాదు. పాలిపోయిన మచ్చను దూదిపోగుతో తాకినపుడు తెలియకున్నచో, దురద లేకున్నను, నొప్పి లేకున్నను, ఆ దినమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. అచ్చట మందు ఉచితము.