పోతే అందరం పోదాం



ఇప్పుడు ఎక్స్ అంటున్న ఆ ట్విట్టర్‌లో మనల్ని తిడుతున్నారు, వదిలేసి పోదామంటున్నారు మన కుర్రాళ్లు. కోపం న్యాయమే. కానీ ఇదివరకు పోయినవాళ్లు నిలిచారా?

2019 నవంబరులో ఆ పనే జరిగింది. సుప్రీంకోర్టు లాయరు సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ మూసేసింది. దిలీప్ మండల్ ఖాతాకూ అడ్డం పడింది. నీకూ కులముందని దళిత బహుజనులు ఆ కంపెనీని నిలదీశారు. ఎంతోమంది మాస్టొడాన్‌కు పోయారు. కొన్నాళ్లకే చాలామంది తిరిగొచ్చారు. ఎందుకని? ఎవరికి వారే పోయారు. మాట వినాల్సిన జనమంతా పాత చోటే ఉండిపోయారు.

1985 జూలై 17న కారంచేడులో భూస్వాములు మనవాళ్లు ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పోయారు. ప్రాణాలు అరచేత పట్టుకుని పోవడమూ, ఫోనులో వదలడమూ ఒకటి కాదు. అయినా పాఠముంది. వాళ్లు కలిసి పోయారు, శిబిరంలో కలిసే ఉన్నారు. కత్తి పద్మారావు, మన కోనసీమ బిడ్డ బొజ్జా తారకం అండగా నిలిచారు. దళిత మహాసభ పుట్టింది. చీరాలలోనే విజయనగర్ కాలనీ సాధించుకున్నారు. వాళ్లు నిలిచారు.

జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు మన చేతిలో ఏం మిగిలింది?

అందుకే పేటకో నోటుబుక్కు పెడదాం. పేర్లు, నెంబర్లు రాసుకుందాం. వారానికోసారి అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చుందాం. వదలాలంటే అందరం ఒకే రోజు, ఒకే చోటికి పోదాం. అందాకా అక్కడే ఉండి జవాబు చెబుదాం.

జై భీమ్!