పన్ను లెక్క కూడా మన పుస్తకంలోకి రావాలి

(2025 మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, కిస్తీ గురించి మనం ప్రతి మీటింగులో మాట్లాడుకుంటాం. పన్ను మాట వస్తే "అది ఉద్యోగస్తులది, షావుకార్లది, మనకెందుకమ్మా" అంటాం. మనకూ ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనం పన్ను కట్టట్లేదు అనుకోవద్దు. రోజూ కడుతున్నాం. సబ్బు కొన్నా, నూనె కొన్నా, సెల్లు రీచార్జి చేయించినా అందులో జీఎస్టీ ఉంది. పెద్ద జీతగాడైనా, కూలికి పోయే మనమైనా ఆ సబ్బుకు కట్టే పన్ను ఒక్కటే. కాబట్టి ఏ వస్తువు మీద ఎంత పన్ను వేయాలి అనే చర్చ మనది కూడా. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం వేశారు. దేశమంతా ఆడవాళ్లు ఇదేం న్యాయమని అడిగారు. 2018 జూలైలో ఆ పన్ను తీసేశారు. అడిగితే మారుతుంది అనడానికి అదే సాక్ష్యం. ఈ ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, తలనూనె, షాంపూ, టూత్‌పేస్టుల మీద 18 శాతం ఉన్నది 5 శాతం అయింది. కుట్టుమిషను మీద 12 శాతం ఉన్నది 5 అయింది. సొంతంగా కట్టుకునే జీవిత బీమా ప్రీమియం మీద పన్నే లేదు. కొట్టువాడు పాత ధరే చెబితే బిల్లు అడగండి. తగ్గింపు మన చేతికి రావాలంటే అడగాలి.

ఇక ఆదాయపు పన్ను. ఈ ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం వరకు పన్ను కట్టక్కర్లేదు. పొలమో స్థలమో అమ్మితే వచ్చే లాభానికి మాత్రం లెక్క వేరు, అది కనుక్కునే చేయాలి. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్ను వేయాలి. సంఘంలో తీసుకున్న అప్పు ఆదాయం కాదు, మన పొదుపు మనం వెనక్కి తీసుకున్నా ఆదాయం కాదు. ఆ అప్పుతో గేదెను కొనో, కొట్టు పెట్టో సంపాదించిన లాభమే ఆదాయం. ఇంట్లో ఆయన ఇచ్చిన డబ్బు మన పేరున డిపాజిట్ చేస్తే ఆ వడ్డీ ఆయన లెక్కలోకే పోతుంది. మన మిషను మీద, మన చేతులతో సంపాదించింది మాత్రం మనదే.

పన్ను లేకపోయినా డబ్బు ఎలా పోతుందో వినండి. మా సంఘంలో ఒక అక్కకు భర్త పోయాక బీమా డబ్బు 10 లక్షలు వచ్చింది. బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసింది. బీమా డబ్బుకు పన్ను లేదు. కానీ ఏడాదికి వచ్చిన 70 వేల వడ్డీలోంచి 7 వేలు టీడీఎస్ కింద పట్టుకున్నారు. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఏప్రిల్‌లో 15జి ఫారం రాసి ఇస్తే ఆ 7 వేలు పట్టుకునేవాళ్లు కాదు. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత మేమంతా కలిసి రిటర్ను వేయిస్తే మొత్తం ఆమె ఖాతాలోకి తిరిగి వచ్చింది. 7 వేలంటే మనకు రెండు మూడు నెలల కిస్తీ. అదే పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో కలపక పాన్ ఆగిపోయినా 20 శాతం, అంటే 14 వేలు పోయేవి. ఇప్పుడు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితేనే పట్టుకుంటారు. మీ సంఘంలో బీమా డబ్బు, భూమి పరిహారం డిపాజిట్ చేసిన వాళ్లు ఎవరున్నారో ఒకసారి చూడండి.

ఫోన్‌పే సంగతి. పోయిన జూలైలో కర్ణాటకలో స్కానర్ మీద వచ్చిన డబ్బు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు ఇచ్చారు. పన్నే లేని కూరగాయలు అమ్మేవాళ్లకూ వెళ్లాయి. కొందరు భయపడి స్కానర్ పీకేసి నగదే తెమ్మన్నారు. మాకు అది దారి అనిపించలేదు. బ్యాంకువాళ్లు లోను ఇచ్చేటప్పుడు చూసేది కూడా ఆ లెక్కే కదా. స్కానర్ ఉండనిద్దాం, పక్కన పుస్తకం కూడా పెడదాం. ఏం అమ్మాం, ఎంత వచ్చింది, రోజూ ఒక గీత. మన ఆంధ్రలో సరుకు అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. తెలంగాణలో 20 లక్షలు. కానీ ఒక మెలిక ఉంది. ఇక్కడ పచ్చళ్లు పెట్టి హైదరాబాదుకు అమ్మి పంపితే అది వేరే రాష్ట్రం అమ్మకం. అప్పుడు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ముందే కావాలి. పచ్చళ్ల వ్యాపారం చేసే చెల్లెళ్లు ఇది రాసుకోండి.

ఇంకొకటి లీడర్లకు. పది మంది కిస్తీలు లీడరు సొంత ఫోన్‌పేలో వేయించుకుని తర్వాత బ్యాంకులో కట్టడం చాలా చోట్ల జరుగుతోంది. ఏడాది తిరిగేసరికి ఆమె ఖాతాలో లక్షలు కనబడతాయి. ఆమె సొమ్ము కాదని రుజువు ఆమే చూపించాలి. నేరుగా సంఘం ఖాతాకే వేయండి. తప్పనిసరైతే అదే రోజు కట్టేసి రసీదు మినిట్స్ పుస్తకంలో అంటించండి.

పాన్, ఆధార్ జిరాక్సులు ఎవరడిగితే వాళ్లకు ఇవ్వొద్దు. పేదవాళ్ల కార్డులతో దొంగ కంపెనీలు పెట్టి జీఎస్టీ ఎగ్గొట్టిన కేసులు చాలా పట్టుకున్నారు. "రెండు వేలిస్తాం, ఖాతా వాడుకుంటాం" అంటారు. నోటీసు వచ్చేది మన ఇంటికి. "రీఫండ్ ఎక్కువ తెప్పిస్తాం, అందులో మాకు వాటా" అనే ఏజెంటునూ నమ్మొద్దు. దొంగ లెక్క రాసేది వాడు, సంతకం మనది.

పన్ను కట్టొద్దని మేం చెప్పట్లేదు. రోడ్డు, అంగన్‌వాడీ, సున్నా వడ్డీ అన్నీ ఆ డబ్బుతోనే. కట్టాల్సింది కడదాం, కట్టక్కర్లేనిది పోగొట్టుకోవద్దు.

సమాఖ్యకు మా సంఘం కోరేవి మూడు. ప్రతి ఏప్రిల్‌లో ఒక మీటింగు పాన్-ఆధార్ చూసుకోవడానికి, డిపాజిట్లున్న వాళ్ల ఫారాలు రాయడానికి పెట్టాలి. వీఓఏలకు ఈ లెక్కల మీద రెండు రోజుల శిక్షణ ఇప్పించాలి. వితంతు అక్కల పేర్లు ముందుగా రాసి, వాళ్ల ఇంటికే వెళ్లి చూడాలి. ఈ మూడూ తీర్మానంగా రాయమని సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.