ఓటుతో వచ్చిన కుర్చీ



అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత సుప్రీంకోర్టు ఉంటుంది. దక్షిణ కరోలినాలో ఆ కోర్టు జడ్జీలను ఎన్నుకునేది శాసనసభే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అసలు కీలకం ఇక్కడే ఉంది.

బానిసత్వం రద్దయినాక నల్లవాళ్లకు ఓటొచ్చింది. ఆ ఓట్లతో ఏర్పడిన శాసనసభ 1870లో జొనాథన్ జాస్పర్ రైట్ అనే నల్ల వకీలును సుప్రీంకోర్టుకు ఎన్నుకుంది. అంతకుముందు ఏ రాష్ట్రంలోనూ అట్లా జరగలేదు. 1876 ఎన్నికల్లో తెల్లదొరలు తుపాకులు పట్టుకుని తిరిగి అధికారం గుంజుకున్నారు. అభిశంసన బెదిరింపుతో 1877లో రైట్ చేత రాజీనామా చేయించారు. 1895లో కొత్త రాజ్యాంగం రాసి నల్లవాళ్ల ఓటే ఊడబెరికారు. ఓటు పోయింది, కుర్చీ పోయింది. మళ్లీ నల్లమనిషి ఆ కోర్టు మెట్లెక్కి జడ్జిగా కూర్చోడానికి 108 ఏళ్లు పట్టింది!

ఆయనే ఎర్నెస్ట్ ఫిన్నీ. 1931లో పుట్టాడు. తెల్లవాళ్ల యూనివర్సిటీ నల్లవాళ్లను చేర్చుకోని రోజులవి. వాళ్లకని వేరుగా పెట్టిన లా కాలేజీలో 1954లో పట్టా పుచ్చుకున్నాడు. పట్టా ఉన్నా పని దొరకలేదు. బళ్లో పాఠాలు చెప్పాడు, హోటల్లో వడ్డన చేశాడు. వకీళ్ల సంఘం సభకొచ్చిన వాళ్లకు వకీలైన ఆయనే తిండి వడ్డించాడు.

1961లో రాక్ హిల్ పట్నంలో నల్ల విద్యార్థులు తెల్లవాళ్లకే కేటాయించిన ఫలహారం బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ల కేసు ఫిన్నీ వాదించాడు, ఓడిపోయాడు. తొమ్మిది మంది మాత్రం జరిమానా కట్టమన్నారు. 30 రోజులు కఠినశిక్షకే పోయారు.

1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది. 1972లో ఫిన్నీ శాసనసభకు గెలిచాడు. 1985లో సుప్రీంకోర్టు జడ్జి, 1994లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 2015లో, 83 ఏళ్ల వయసులో, రాక్ హిల్ కోర్టులో లేచి నిలబడి, ఆ తొమ్మిది మంది శిక్షలు కొట్టేయమని అడిగాడు. కొట్టేశారు. 54 ఏళ్లకు! 2017లో ఆయన కన్నుమూశాడు.

మన హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో జడ్జీల నియామకానికి రిజర్వేషన్ లేదు. మనవాళ్లెందరని అడగాల్సింది మనమే. ఒక్కడు కుర్చీ ఎక్కితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతే చాలదు. వెనక బలం కరువైతే రైట్‌ను దించినట్టే దించుతారు. ఆ బలం ఓటు. దాన్ని సీసాకూ నోటుకూ అమ్ముకుంటే మన కుర్చీని మనమే అమ్ముకున్నట్టు.

జై భీమ్!