పిడికెడు విత్తనము



వానలు అదను తప్పుచున్నవి, ఎండలు ముదురుచున్నవి. ఇది ప్రభుత్వముల పని, మనవల్ల ఏమగునని మనలో పలువురము అనుకొనుచున్నాము. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతపు పల్లె స్త్రీలు ఆలాగు ఊరకుండలేదు.

వీరిలో అనేకులు కొద్దిపాటి మెట్టచేను గల దళిత స్త్రీలు. 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో మహిళా సంఘములుగా కూడిరి. ఒకే చేనిలో జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి విత్తుదురు. ఒక పంట ఎండినను మరియొకటి నిలుచును. విత్తనమును బూడిద, వేపాకు వేసి బుట్టలలో దాచి, లేనివారికి అప్పిత్తురు. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై పాత విత్తనములు పేర్చి ఊరూర జాతరగా తిరుగుదురు. తమ మాటలు తమ యాసలోనే చెప్పుకొనుటకు 2008లో సంఘం రేడియో ఆరంభించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి పక్షమున ఇచ్చు ఈక్వేటర్ బహుమానము వీరి సొసైటీకి లభించినది.

వాన కురిపించుట వీరి వశము కాదు. వాన తప్పిన ఏట కూడ ఇంట తిండి ఉండునట్లు చూచుకొనుట వీరి వశమైనది.

ఈ శతాబ్ది సంవత్సరపు కోత పండుగకు ధాన్యపు కానుకతోపాటు ఇంటికొక పిడికెడు పాత విత్తనము తెత్తము. లేనివారితో పంచుకొందము. వచ్చు ఏడు ఎవరి చేనిలో ఏది మొలచినదో మరల కూడి చెప్పుకొందము.