పెద్దవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్దాం?

ఊర్నించి అమ్మానాన్నలు వస్తే ఏం చూపించాలని మన కుర్రాళ్ళు అడుగుతుంటారు. దూరం సంగతి తర్వాత, ముందు మెట్లెన్నో కనుక్కోండి. మన ఫరీదాబాద్‌లోని సూరజ్‌కుండ్ పదో శతాబ్దంలో తోమర్ రాజు కట్టించాడంటారు. అడుగుదాకా రాతిమెట్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కిందికి దింపొద్దు, గట్టు మీంచి చూపిస్తే చాలు. ఫిబ్రవరి మేళా జనంలోకి అసలే వద్దు.

బల్లభ్‌గఢ్ మెట్రో స్టేషన్‌కి రాజా నాహర్ సింగ్ పేరు పెట్టారు. 1857లో తిరగబడ్డందుకు ఆయన్ని 1858 జనవరి 9న చాందినీ చౌక్‌లో ఉరితీశారు. అక్కడ లిఫ్టులో పైకెళ్ళి మెట్రో ఎక్కితే, బండి మారకుండా లాల్ ఖిలాలో దిగొచ్చు. కోటకి ఎదురుగా ఆ చాందినీ చౌకే. దారిలో రాజుగారి కథ చెప్పండి, పెద్దవాళ్ళు శ్రద్ధగా వింటారు. సోమవారం మాత్రం కోట మూసేస్తారు. బాత్రూం సంగతి అమ్మలు నోరు తెరిచి అడగరు, అది మనమే ముందుగా చూసుకోవాలి.